ఏడు పాళ్ళు తారు, మూడు పాళ్ళు మట్టి

డ్రైవరమ్మ నలుగురిలో గొంతెత్తి ఒక మాట అనేసింది. అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

జరిగిందేమిటంటే, ఊరికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక కొండ ఉంది. ఇరవయ్యేళ్ళపాటు రాళ్ళ కోసం దాన్ని తొలిచారు. క్వారీ మూతపడేసరికి అది సగం కొరికి పారేసిన జామకాయలా మిగిలింది. పైన యాభై ఇళ్ళు, ఒక బడి. వానలు మొదలయితే చాలు, బోడి వాలు మీది మట్టి కొట్టుకొచ్చి బడి గోడకు ఆనుకుంటోంది. రెండేళ్ళుగా పిల్లలు పారలతో ఆ మట్టి ఎత్తిపోస్తున్నారు. ఇక లాభం లేదని కొండమీది వాళ్ళందరూ బడి టీచరమ్మను ముందు పెట్టుకుని, వాలు మొత్తం మొక్కలు నాటాలని నిర్ణయించుకున్నారు. నాలుగు వేల మొక్కలు. అందులో సగం ఊళ్ళోని పెద్ద నర్సరీ ఇవ్వాలి, మిగతా సగం డ్రైవరమ్మ వాళ్ళ చిన్న నర్సరీ.

బడి గదిలో పెట్టిన మీటింగులో పెద్ద నర్సరీ మేనేజరు లేచి, "మా లారీ కొండ కింద దాకానే వస్తుందండీ. అక్కణ్ణుంచి మీరే మోసుకోవాలి" అని చేతులు దులుపుకున్నాడు.

రెండు కిలోమీటర్ల ఎక్కుడు. తడిమట్టితో నిండిన నల్ల సంచులు, ఒక్కొక్కటి రెండున్నర కిలోలు. టీచరమ్మ మొహం వాడిపోవడం డ్రైవరమ్మ చూసింది. అంతే, నోరు దానంతటది తెరుచుకుంది.

"మా మొక్కలు మేం పైకే తెచ్చి దింపుతాం. ఇదిగో, ఈ బడి గుమ్మం ముందు."

గది చప్పట్లతో మోగిపోయింది. పక్కనే కూర్చున్న తోడికోడలు మాత్రం చప్పట్లు కొడుతూనే చెవిలో, "అక్కా, మనం కాలిబాటన ఎక్కొచ్చాం. బండిదారి ఎప్పుడైనా చూశావా?" అని అడిగింది.

చూడలేదు.

డ్రైవరమ్మ ఆ ఇంటికి పెద్దకోడలు. ఆ పేరు పుట్టుకతో వచ్చింది కాదు, నాలుగేళ్ళ క్రితం మొక్కలు కొనేవాళ్ళు పెట్టింది. నర్సరీ అత్తగారిది. పెరటి గోడ మీద వరసగా పెట్టిన నూనె డబ్బాల్లో మొదలుపెట్టి, రెండెకరాల పచ్చ వల పందిళ్ళ దాకా తెచ్చిన మనిషి ఆమె. పొగడ్త అంటే ఆమెకు మందు లాంటిది. అవసరమైతే తప్ప ఇవ్వదు, ఇచ్చినా చెంచాడే. మరిది అంటు కట్టడంలో దిట్ట, స్టీరింగు పట్టుకుంటే మాత్రం అరచేతులకు చెమటలు. పెద్దకొడుకు లేతు మిషను మీద పనిచేస్తాడు. ఇనుప రజను పడి ఒక కన్ను మసకబారాక సైకిలే అతని వాహనం. నాలుగేళ్ళ క్రితం మంచి సీజనులో, జీతం డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేసినప్పుడు, ఇంట్లో మగవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. అప్పుడు పెద్దకోడలు చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని, "తాళాలు ఇటివ్వండి. నేర్చుకుంటాను" అంది. ముప్పై ఆరేళ్ళ వయసులో. మొదటి వారం గేటు స్తంభానికి రెండుసార్లు ముద్దుపెట్టింది. మూడో నెలకు ఆ పికప్పు ఆమె చెప్పినట్టు వినడం మొదలుపెట్టింది.

అలాంటి డ్రైవరమ్మ, మీటింగు అయిన రెండో రోజున, రెండు వందల మొక్కలు ఎక్కించుకుని కొండదారి పట్టింది. పక్కన తోడికోడలు. ముందురోజు కొద్దిపాటి జల్లు పడి ఉంది. మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. మూడో మలుపు దగ్గర వెనక చక్రాలు గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. కదలకపోగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు తొక్కినా ఆగలేదు. చక్రాలు బిగుసుకున్నాయి, బండి మాత్రం సబ్బు మీద గిన్నెలా జారుతోంది. ఎడమవైపు లోయ. డ్రైవరమ్మ అద్దంలోకి చూస్తూ స్టీరింగు తిప్పి, బండి వెనకభాగాన్ని కుడివైపు మట్టిగట్టుకు ఆనించింది. ధన్‌మని శబ్దం వచ్చి బండి ఆగింది.

డ్రైవరమ్మ హ్యాండుబ్రేకు లాగింది.

"ఊపిరి ఆడుతోందా నీకు?" అంది.

"నాది ఇంకా పైనే ఉందక్కా. దిగి రాలేదు" అంది తోడికోడలు.

అడుగు అడుగుగా వెనక్కి దించుకొచ్చి, మొక్కలన్నీ కొండ కిందే దింపారు. కబురు అందుకుని పైనుంచి ఆడామగా వచ్చి నెత్తిన పెట్టుకుని మోసుకుపోయారు. వాళ్ళెవరూ ఒక్కమాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. అన్నవాడు వేరే ఉన్నాడు. పెద్ద నర్సరీ లారీ డ్రైవరు, బుర్రమీసాలాయన, ఆ రోజు దారి చూసుకుందామని వచ్చి బోనెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల చెల్లెమ్మా? కొండ కొండే, మనం మనమే" అన్నాడు. ఎగతాళిగా కూడా కాదు, జాలిగా. జాలి ఆమెకు ఎగతాళి కంటే గట్టిగా గుచ్చుకుంది.

ఇంటికొచ్చి బండి కింద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. టైర్లు నాలుగూ చేత్తో తడిమింది. బోడిగుండ్లు. గాడులు ఉండాల్సిన చోట అరచేతి గీతలంత లోతు కూడా లేదు. వేసవి అంతా ఎండిన దారుల మీద తిరగడం వల్ల లోపం తెలియలేదు. తెలియలేదు అనడం కంటే చూడలేదు అనడం న్యాయం.

"తప్పు కొండది కాదు, నాది" అంది వంటింట్లోకి వచ్చి. "రేపు టైర్లు మార్చాలి."

భర్తకు ఎక్కడలేని హుషారు వచ్చింది. లేతు షాపు దగ్గర పార్కు చేసే ఏదో బండిని అతను చాలాకాలంగా ప్రేమిస్తున్నాడు. "ఇంతింత గుబ్బలున్నవి వేయిద్దాం! ట్రాక్టరు టైర్లలాగా. బండి సింహంలా ఉంటుంది."

"సింహం మొక్కలు మొయ్యదు" అంది డ్రైవరమ్మ.

"బురదలో ఆ గుబ్బలే పట్టుకుంటాయి కదా వదినా?" అన్నాడు మరిది.

"బురదలో పట్టుకుంటాయి. తారు మీద? గుర్రుమని చప్పుడు, దడదడమని కుదుపు. ఆ కుదుపుకి నువ్వు కట్టిన అంట్లు ఊడి చేతికొస్తాయి. తడిసిన తారు మీద బ్రేకు వేస్తే ఆగడానికి కూడా ఆలస్యమే. పోనీ నున్నటి రోడ్డు టైర్లు వేయిద్దామంటే, ఇదిగో, ఇవాళ చూశాం."

అత్తగారు అంతసేపూ విత్తనాలు ఏరుతూనే ఉంది. చేట పక్కన పెట్టి అడిగింది. "నువ్వు పది కిలోమీటర్లు తిరిగితే అందులో తారెంత, మట్టెంత?"

డ్రైవరమ్మ కళ్ళు మూసుకుని వారమంతా తిరిగిన దారులు మనసులో మళ్ళీ తిరిగింది. సంత, రైతుల పొలాలు, కాలవగట్టు, ఊరి బయట ఇళ్ళు. "ఏడు తారు అత్తయ్యా. రెండు కంకర. ఒకటి బురద, గడ్డి."

"అయితే మూడు కోసం ఏడును చంపుకోకు. ఏడు కోసం మూడును వదులుకోకు" అంది అత్తగారు, మళ్ళీ చేట అందుకుంటూ. "మట్టి చూడకుండా మొక్క పెడతామా? ఇదీ అంతే."

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలు టైర్ల షాపుకు వెళ్ళారు. షట్టరు దాకా రబ్బరు వాసన. పైకప్పు తాకేలా పేర్చిన టైర్ల మధ్య, గాలి నింపిన పాత ట్యూబు మీద దిండు వేసుకుని ఓనరు కూర్చుని ఉన్నాడు. తల నెరిసిన మనిషి. చేతులు మాత్రం టైర్లతో కలిసిపోయి ఏ రంగో తెలియకుండా ఉన్నాయి. ఆయన డ్రైవరమ్మను దాటి వెనక చూసి, "చెప్పండి సార్, ఏ సైజు?" అన్నాడు.

"నన్నడక్కండి. నేను సైకిలు మనిషిని. ఇంజనుకు సంబంధించిందంతా ఆవిడే" అన్నాడు భర్త. అనడంలో సిగ్గు లేదు సరికదా, ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఓనరు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "అలాగా. చెప్పమ్మా."

డ్రైవరమ్మ చెప్పింది. ఏడు పాళ్ళు తారు, మూడు పాళ్ళు మట్టి. మోసేది తొమ్మిది వందల కిలోలు. ఎక్కాల్సింది క్వారీ కొండ. ఆయన వింటూ వింటూ ఒక మూలనుంచి పెద్ద పెద్ద గుబ్బల టైరు దొర్లించుకొచ్చాడు. భర్త కళ్ళు మెరిశాయి. రాత్రి సింహం మళ్ళీ లేచింది.

డ్రైవరమ్మ వంగి టైరు పక్కగోడ మీద దుమ్ము కొంగుతో తుడిచింది. అక్షరాల చివర చిన్న గుడ్డు ఆకారంలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చదివి లేచి నిలబడింది.

"ఇది పుట్టి ఆరేళ్ళయింది బాబాయిగారూ."

"లోపల నీడలోనే ఉందమ్మా. ఎండ తగల్లేదు."

"నీడలో కూర్చున్నంత మాత్రాన ముసలితనం ఆగుతుందా?"

ఆయన ఒక్క క్షణం ఆమెను చూసి, తన నెరిసిన తల తడుముకుని, పెద్దగా నవ్వాడు. "ఆగదు. నన్ను చూస్తే తెలియట్లా?" ఆ టైరును వచ్చినదారినే దొర్లించేశాడు. ఆ తర్వాత ఆయన 'సార్' వైపు మళ్ళీ చూడలేదు.

తర్వాత వెడల్పాటివి చూపించాడు. అవి ఈ ఏటివే. డ్రైవరమ్మ బండి ఎక్కి స్టీరింగు చివరిదాకా తిప్పింది, దిగి చక్రానికీ మడ్‌గార్డు అంచుకూ మధ్య తన చేయి పెట్టి చూసింది. నాలుగు వేళ్ళే పట్టాయి. "ఇంకాస్త వెడల్పయితే మలుపు తిప్పినప్పుడల్లా అంచుకు రాసుకుంటుంది. కంపెనీ ఇచ్చిన సైజే చాలు" అంది. ఆయన తలూపాడు. మూడోసారి లోపలి గదిలోకి వెళ్ళి, ఈసారి చెప్పకుండానే అంకెలున్న వైపు ఆమెకు తిప్పి పెట్టాడు.

మధ్యలో దగ్గర దగ్గరగా గాడులు, తారు మీద నడవడానికి. భుజాల దగ్గర ఎడంఎడంగా దిట్టమైన గుబ్బలు, మట్టిని కరవడానికి. గుబ్బల మధ్య సందులు వెడల్పుగా ఉన్నాయి. బురద ఇరుక్కోకుండా రాలిపోతుంది. పక్కగోడ మందంగా ఉంది, క్వారీ రాళ్ళు కోసినా తట్టుకునేలా. మోసే బరువు అంకె ఆమెకు కావలసిన దానికంటే పైనే ఉంది. డ్రైవరమ్మ చూపుడువేలు గాడిలో పెట్టి లోతు చూసింది. గోరు దాటి మునిగింది.

"ఇవే. అయిదు కావాలి."

"నాలుగు చాలమ్మా. స్టెప్నీకి నీ పాతవాటిలో మంచిది వేద్దాం."

"పాతవాటిలో మంచిదుంటే నేనిక్కడికి ఎందుకొస్తాను బాబాయిగారూ?"

షాపులో ఉన్నవి నాలుగే. అయిదోది ఇంకో షాపు నుంచి ఎవరో స్కూటరు మీద, నడుముకు తగిలించుకుని తెచ్చారు.

అంతవరకూ డ్రైవరమ్మకు లోలోపల కాస్త గర్వంగానే ఉంది. ఓనరు ఆ గర్వానికి చిన్న పంచరు చేశాడు. విప్పిన పాత టైర్లలో ముందు ఎడమది తీసుకుని, "ఇలా రా అమ్మా. చెయ్యి పెట్టు. ఇటు రాయి" అన్నాడు. రాసింది. నున్నగా ఉంది. "ఇప్పుడు అటునుంచి ఇటు రాయి." గరుకుగా తగిలింది, రంపం పళ్ళ మీద రాసినట్టు. లోపలి అంచు పూర్తిగా అరిగిపోయి ఉంది.

"ఎక్కడో గట్టిగా గుంతలో పడేశావు. చక్రం వంకరగా నడుస్తోంది. ఎన్నాళ్ళ నుంచో. ఇది సరిచేయకుండా కొత్తవి వేస్తే ఆర్నెల్లలో మళ్ళీ నా దగ్గరికే వస్తావు. నాకు మంచిదే గానీ నీకు కాదు."

నాలుగేళ్ళుగా ఆ బండి నాడి తనకు తెలుసుననుకుంది. భర్త ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టి ఆపింది. "నాకు తెలియలేదు బాబాయిగారూ. ఇంకోసారి చూపించండి" అని నాలుగు టైర్లనూ రెండువైపులా తడిమి, తేడా వేళ్ళకు బాగా పట్టేదాకా లేవలేదు. నేర్చుకునేటప్పుడు ఆమెకు రోషం ఉండదు. నేర్చుకున్నాక మాత్రం బోలెడంత.

అలైన్‌మెంటు చేయించి, నట్లు ఎదురెదురుగా ఒక్కొక్కటే బిగించడం దగ్గరుండి చూసి, తాళాలు తీసుకుంటుంటే ఓనరు బయటిదాకా వచ్చాడు. "ఇవాళే కొండ మీదికి ఉరక్కు. కొత్త టైరు మీద జిడ్డుంటుంది. మూడు రోజులు తారు మీద తిప్పు, ఆ తర్వాత ఎక్కు. బురద దగ్గర గాలి కాస్త తగ్గించు. తారు ఎక్కేముందు మళ్ళీ నింపడం మర్చిపోకు."

"మర్చిపోను."

"నాకు తెలుసులే" అన్నాడాయన.

మూడు రోజులు మామూలు మొక్కలు చేరవేస్తూ తారు మీదే తిరిగింది. నాలుగో రోజు పొద్దున, ఎండ పందిళ్ళ మీదికి రాకముందే మూడు వందల అరవై మొక్కలు ఎక్కించారు. భర్త చెక్కతో చేసిన అరల్లో మరిది ఒక్కొక్క సంచీ కదలకుండా సర్దాడు. అత్తగారు గేటు దగ్గర నిలబడి టైర్లకేసి చూసింది. "చూడ్డానికి మరీ గొప్పగా లేవే" అంది.

"గొప్పగా ఉండక్కర్లేదు అత్తయ్యా. ఉండాల్సినట్టు ఉంటే చాలు."

అత్తగారు తనే వెళ్ళి గేటు తీసింది.

కొండ కింద బుర్రమీసాలాయన లారీ ఆగి ఉంది, నిండా మొక్కలతో. ముందురోజు గట్టివాన పడింది. మోసుకుపోవడానికి పైనుంచి ఇంకా ఎవరూ రాలేదు. "మళ్ళీ వచ్చావా చెల్లెమ్మా?" అన్నాడాయన, నిజంగానే కంగారుగా. "పోయినసారి కంటే అధ్వాన్నంగా ఉంది. వద్దు, నా మాట విను."

"అడుసు తొక్కడమే మా పనన్నయ్యా. కాళ్ళు సాయంత్రం ఒకేసారి కడుక్కుంటాం" అని డ్రైవరమ్మ బండి దిగింది.

ముందు నడిచి చూసింది. రెండు కిలోమీటర్లూ కాదు, మూడో మలుపు దాకా. ఎక్కడ మట్టి జారుడుగా ఉందో, ఎక్కడ కింద రాయి తగులుతోందో మడమతో నొక్కి నొక్కి చూసింది. పాత చక్రాల గాడిలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. దానికి అడుగెడు కుడిగా, గట్టు వారగా, కంకర కలిసిన నేల గట్టిగా ఉంది. అక్కడక్కడ రాళ్ళు గుర్తు పెట్టుకుంటూ దిగి వచ్చేసరికి, తోడికోడలు నాలుగు టైర్లలోనూ గాలి నలభై నుంచి ఇరవై ఎనిమిదికి దించి, మీటరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. బ్యాటరీకి తగిలించే చిన్న పంపు కూడా ఆమె అధీనంలోనే ఉంది.

"గాలి శాఖ మంత్రిని నేను. పన్లన్నీ అయ్యాయి. నడువు" అంది తోడికోడలు. ఈసారి లోపల కూర్చోలేదు. వెనక చక్రం కింద పెట్టడానికి చెక్క దిమ్మ పట్టుకుని, గట్టువైపు, బండికి నాలుగడుగుల ఎడంగా నడిచింది.

డ్రైవరమ్మ తక్కువ గేరులో వేసి మెల్లగా వదిలింది. మొదటి మలుపు. రెండోది. ఆ దారిలో తొందరపడితే చక్రం తిరుగుతుంది, భయపడితే బండి ఆగుతుంది. రెండూ కాకుండా ఒకే వరసన, ఎద్దు నడిచినట్టు నడపాలి. మూడో మలుపు దగ్గర ఆమె వీపు సీటును వదిలేసింది. గట్టులో పోయినసారి బండి గుద్దుకున్న గుంట అలాగే ఉంది. వెనక చక్రం ఒకసారి జారింది. అరచుట్టు ఊరికే తిరిగింది. డ్రైవరమ్మ కాలు కదిలించలేదు. స్టీరింగును వెంట్రుకవాసి ఎడమకూ కుడికీ ఆడించింది. భుజం దగ్గరి గుబ్బలు ఏదో దొరకబుచ్చుకున్నట్టు కిందనుంచి చిన్న కుదుపు. బండి ముందుకు పోయింది. సందుల్లో ఇరుక్కున్న బురద ముద్దలు ముద్దలుగా మడ్‌గార్డుకు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. అంత మంచి చప్పుడు ఆమె జన్మలో వినలేదు.

"పోతోందక్కా! పోతోంది!" తోడికోడలు దిమ్మ నెత్తిన పెట్టుకుని బండితో పాటు పరిగెత్తుతోంది.

కొండ మీద మొదట విన్నది పిల్లలు. ఇంజను చప్పుడుకి బడి కిటికీలన్నీ తలకాయలతో నిండిపోయాయి. టీచరమ్మ చేతిలో సుద్దముక్కతోనే బయటికొచ్చింది. డ్రైవరమ్మ బండిని నేరుగా బడి గుమ్మం ముందుకు తెచ్చి ఆపి, ఇంజను కట్టేసి, దిగింది.

"అన్నట్టే తెచ్చారు" అంది టీచరమ్మ.

"రెండోసారికి తెచ్చాను" అంది డ్రైవరమ్మ. అబద్ధపు గొప్ప ఆమెకు రుచించదు.

దిగేటప్పుడు కూడా తక్కువ గేరులోనే, బ్రేకు జోలికి పోకుండా దిగింది. కింద గాలి నింపి తారు ఎక్కడం, నర్సరీకి పోయి ఎక్కించుకోవడం, మళ్ళీ రావడం, మళ్ళీ గాలి తీయడం. ఆ రోజు సాయంత్రానికి అయిదు ట్రిప్పులు పూర్తయ్యాయి. నాలుగో ట్రిప్పుకి బుర్రమీసాలాయన తన లారీ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. అప్పటికి కొండమీది వాళ్ళు ఆయన మొక్కల్లో వంద కూడా మొయ్యలేకపోయారు, మనుషులు అలిసిపోయారు. ఆయన మీసం సవరించుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు, ఇక సవరించుకోవడానికి ఏమీ మిగలక అడిగాడు.

"చెల్లెమ్మా, మా సరుకు కూడా... రేపు... వీలైతే..."

డ్రైవరమ్మ ఒక్క నిమిషం ఆ జాలి మాట గుర్తు చేసుకుంది. గుర్తు చేసుకుని వదిలేసింది. మొక్కలు ఏ నర్సరీవైతేనేం, బడి గోడ ఒకటే. "తెస్తాను. కానీ మీరు నా పక్క సీట్లో కూర్చోవాలి."

మర్నాడు ఆరు ట్రిప్పులు. మొదటి ట్రిప్పులో ఆయన తలుపు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, మూడో మలుపు దగ్గర కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ వరసగా పిలిచాడు. రెండో ట్రిప్పులో ఒక చెయ్యి వదిలాడు. మూడో ట్రిప్పులో, "ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది. గట్టువారగా పట్టాలని నాకు తట్టలేదు" అన్నాడు. తర్వాత కిందికి దిగిన ప్రతిసారీ టైర్ల సందుల్లో ఇరుక్కున్న రాళ్ళను స్క్రూడ్రైవరుతో ఆయనే పీకాడు. తోడికోడలు ఆయన్ని గాలి శాఖలో సహాయమంత్రిగా వేసుకుంది.

ఆఖరి ట్రిప్పుకి అత్తగారు కూడా వచ్చింది. కొండ ఎక్కడం ఆమెకు అదే మొదలు. మూడో మలుపు దగ్గర చెయ్యి చాచి, గేరు మీదున్న కోడలి చేతి మీద పెట్టి, మలుపు దాటాక తీసేసింది. పైకి చేరాక దిగి, వాలు అంచు దాకా నడిచి, వరసలు వరసలుగా పెట్టిన నాలుగు వేల నల్ల సంచుల్నీ, వాటి మీది పచ్చదనాన్నీ చాలాసేపు చూసింది. గోతులు తవ్వుతున్న ఒకామె, "పెద్దమ్మగారూ, ఈ బండి నడిపేది మీ అమ్మాయా?" అని అడిగింది.

"కోడలు" అంది అత్తగారు. "నా పెద్దకోడలు. టైర్లు కూడా తనే చూసి ఎంచింది. షాపువాడు ఇంతెత్తున గుబ్బలున్నవి అంటగట్టబోతే అంకెలు చదివి వెనక్కి పంపింది. ఆ మలుపు చూశావుగా? అక్కడ కన్నార్పలేదు. నేను పక్కనే ఉన్నాను, చూశాను." ఆగకుండా చెబుతూనే ఉంది. చెంచా కాదు, గరిటె కాదు, బిందెడు. విననట్టు బండి వెనక్కి వెళ్ళి మొక్కలు దింపుతున్న డ్రైవరమ్మ చెవులు ఎర్రబడ్డాయి. తోడికోడలు మోచేత్తో పొడిచింది. "విన్నావా?" "లేదు" అంది డ్రైవరమ్మ. ఒక్క అక్షరం పోకుండా వింది.

వాన కాలం గడిచేసరికి వాలు మీద పదింట తొమ్మిది మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఆ ఏడు బడి గోడ దగ్గర పారలు అక్కర్లేకపోయాయి. మొక్కలకు ఎరువు చేరవేయడానికి వెళ్ళిన ఒక ఆదివారం మధ్యాహ్నం, టీచరమ్మ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, కిటికీలోంచి లోపలికి తొంగి చూసి, "మీరు ఏ వయసులో నేర్చుకున్నారు?" అని అడిగింది.

"ముప్పై ఆరు."

"నాకు ముప్పై తొమ్మిది."

"అయితే ఇంకా ఆలస్యం చేయకండి" అంది డ్రైవరమ్మ.

క్వారీ అడుగున చదునైన నేల ఉంది, గుద్దుకోవడానికి గేటు స్తంభం కూడా లేదు. టీచరమ్మ చీర సర్దుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. బండి మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. నాలుగోసారి కదిలింది. గుండ్రంగా, నత్తనడకన, ఒక చుట్టు. పైన గట్టు మీద వరసగా కూర్చున్న బడి పిల్లలు చుట్లు లెక్కపెడుతూ అరుస్తున్నారు.

"బ్రేకు ఎక్కడుందో మర్చిపోయాను!" అంది టీచరమ్మ.

"మధ్యలోది. తొందరేం లేదు" అంది డ్రైవరమ్మ, పక్క సీట్లో వెనక్కి వాలి. "ఇంకో చుట్టు తిరగండి."